కొంటనన్న మనిషి ఎనుకకు పోతే ఏం జెయ్యాలె?

"అన్నా, గా చార్మినార్ రూపాయి నాకే ఉంచుండ్రి, రేపు పొద్దుగాల పైసలు పంపుత." పాత నాణేలు, స్టాంపులు ఆన్‌లైన్ల అమ్మేటోళ్లకు గీ ముక్క కొత్త కాదు. రేపు ఎల్లుండి అయితది, ఎల్లుండి వారం అయితది. ఆఖరికి ఒక మెసేజ్ వస్తది: "సారీ అన్నా, ఇంట్ల వద్దంటున్నరు." కొందరైతే అది సుత చెప్పరు. ఫోన్ ఎత్తరు, నంబరు బ్లాక్ చేస్తరు.

నేను పదేండ్ల సంది నిజాం కాలం సిక్కాలు, పాత స్టాంపులు జమ చేస్తున్న. రెండోది దొరికినప్పుడు ఒకటి అమ్ముత. అందుకే గీ సంగతి మీద నాలుగు ముక్కలు చెప్తున్న. ఇది నాసొంటోళ్ల సరదా ముచ్చట మాత్రమే కాదు. ఇంట్ల పెద్దలు దాచిపెట్టినయి అవసరానికి అమ్ముకునే మామూలు మనుషులు మస్తుమంది ఉన్నరు. కొంటనన్నోళ్లు మాట తప్పితే ఎక్కువ దెబ్బ తాకేది వాళ్లకే.

బట్టల దుకాణంల ఒక చొక్కా వద్దంటే దుకాణపాయనకు పెద్ద నష్టం లేదు. అసొంటియి ఇంకో పది ఉంటయి, సాయంత్రానికి ఇంకొకరు కొంటరు. పాత నాణెం కథ అట్ల కాదు. మన తాతలు హాలీ సిక్కా అని పిలిచిన నిజాం రూపాయినే తీసుకుందాం. 7 హాలీ రూపాయలకు 6 కల్దార్ రూపాయల లెక్క నడిచేది. 1959 దాకా అది చలామణిల ఉండె. నాణెం మీద చార్మినార్ దర్వాజల 'మీమ్' అక్షరం ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలందని, 'ఐన్' ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలందని గుర్తు. గా ఒక్క అక్షరం, మీద ఉన్న హిజ్రీ సన్, ఎంత అరిగింది, ఎవరన్న తోమిండ్రా లేదా – వీటి మీదనే ధర తేలుతది. గందుకే ఒక నాణెం లెక్క ఇంకో నాణెం ఉండదు. కొనేటోళ్లు సుత తక్కువమంది. ఒకాయన కోసం పది రోజులు ఆపితే, అడిగిన రెండో మనిషి ఇంకోతాన కొనుక్కుంటడు. మల్ల అమ్మకానికి పెడితే, "అమ్ముడుపోయిందన్నరు గదా, మల్ల ఎందుకొచ్చింది? ఏదో లోపం ఉన్నట్టుంది" అని గుసగుసలు మొదలైతయి.

అయితే ఎనుకకు పోయేటోళ్లందరు మోసగాళ్లు కాదు. రాత్రి పన్నెండు గంటలకు ఫొటో చూసి ఉబలాటపడి, పొద్దున లేచి బ్యాంకు ఖాత చూసుకున్నోళ్లు ఉంటరు. అసలుదా నకిలీదా అని అనుమానం వచ్చినోళ్లు ఉంటరు. నకిలీలు మార్కెట్ల తిరుగుతున్నయి గనక ఆ అనుమానం తప్పు కాదు. ఇంకోతాన తక్కువకు దొరికినోళ్లు ఉంటరు. నాయిన ఫోన్ పట్టుకొని ఆర్డర్ పెట్టిన పోరగాండ్లు సుత ఉంటరు. వీళ్లందరిని ఒక్కతీరుగ చూస్తే లాభం లేదు. ఎందుకు వద్దంటున్నరో ఒక్కసారి మర్యాదగ అడుగుండ్రి. అనుమానం అయితే ఇంకో నాలుగు ఫొటోలు, తూకం పంపితే బేరం నిలబడొచ్చు. పైసల ఇబ్బంది అయితే బతిమాలొద్దు, గట్టిగ పట్టొద్దు. మనసు లేని మనిషికి బలవంతంగ అంటగడితే ఆ వస్తువు రేపు రిటర్న్ అయ్యి మీ ఇంటికే వస్తది.

ఇగ చట్టం ఏమంటదో చూద్దాం. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం అవతలి మనిషి "తీసుకుంట" అన్నడు, మీరు ఇంకా "సరే" అనలేదు అనుకోండ్రి. అప్పటిదాక ఆయన ఎనుకకు తీసుకోవచ్చు. మీరు సరే అన్నంక అది ఒప్పందం. వేలం పాట అయితే, పాట ముగిసిందని ప్రకటించేదాక పాడినాయన తన పాటను వాపసు తీసుకోవచ్చని 1930 సరుకుల అమ్మకం చట్టంల 64వ సెక్షన్ చెప్తది. ఒప్పందం అయినంక కారణం లేకుండ సరుకు తీసుకోకపోతే, పైసలు కట్టకపోతే, నష్టపరిహారం కోసం దావా వేసే హక్కు అదే చట్టంల 56వ సెక్షన్ అమ్మినాయనకు ఇస్తది. కానీ నిజం మాట్లాడుకుందాం. మూడు వేల రూపాయల నాణెం కోసం కోర్టుకు ఎవరు పోతరు? వకీలు ఫీజే అంతకంటే ఎక్కువ అయితది. చట్టం మన దిక్కు ఉందని తెలుసుకునుడు మంచిదే, గానీ దాని మీదనే ఆధారపడి బేరాలు చేసుకోలేం.

పోరగాండ్ల సంగతి వేరే. మైనరుతోని చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లనే మొహిరీ బీబీ కేసుల ప్రివీ కౌన్సిల్ తేల్చింది. పిల్లగాడు కొన్నడని తెలిస్తే మారు మాట్లాడకుండ పైసలు వాపసు ఇయ్యుండ్రి. ఇగ కంపెనీలకు, అదే పనిగ వ్యాపారం చేసేటోళ్లకు 2020ల వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు ఉన్నయి. వస్తువు నకిలీది అయినా, చెప్పిన తీరుగ లేకపోయినా వాపసు తీసుకోనని అమ్మినాయన అనరాదు. ఎప్పుడో ఒకసారి ఇంట్లయి అమ్ముకునే మనిషికి ఆ నిబంధనలు వర్తించవు. అయినా ఆ నీతి అందరిది. నకిలీ అని తేలితే పైసలు వాపసు ఇచ్చుడే ధర్మం.

మరి రోజువారీగ చేసేది ఏంది? నేను పాటించే పద్ధతి చెప్త. అమ్మకానికి పెట్టేటప్పుడే రెండు దిక్కుల ఫొటోలు, అంచు ఫొటో, గ్రాములల్ల తూకం, ఉన్న గీత మచ్చ అన్నీ రాస్త. సగం క్యాన్సిళ్లు ఇక్కడనే ఆగిపోతయి, ఎందుకంటే కొనేటాయనకు తర్వాత ఆశ్చర్యపోయేది ఏం మిగలదు. రెండోది, గడువు. "48 గంటలల్ల పైసలు రాకపోతే వరుసల ఉన్న రెండో మనిషికి ఇస్త" అని ముందుగాలనే రాస్త. మూడోది, గా రెండో మనిషిని ఎన్నడు ఇడువ. "మీరు రెండో నంబరుల ఉన్నరు, రెండు రోజులల్ల చెప్త" అని ఆయనకు మెసేజ్ పెడ్త. నాలుగోది, ఎక్కువ రోజులు ఆపమంటే చిన్న టోకెన్ అడుగుత, వాపసు రాదని ముందే రాసి చెప్త. టోకెన్ పేరు మీద సగం ధర గుంజొద్దు. న్యాయమైన పరిహారం వరకే చట్టం ఒప్పుకుంటది, 74వ సెక్షన్ సారం అదే.

గీ పద్ధతి ఎందుకు కావాలెనో ఒక ముచ్చట చెప్త. మా గల్లీల ఒక పెద్దమ్మ ఉన్నది. భర్త కాలం చేసినంక ఆయన జమ చేసిన సిక్కాలు నాకిచ్చి, "ఇంటి కిరాయి కట్టాలె బిడ్డా, అమ్మిపెట్టు" అన్నది. ఒకాయన సెట్టు మొత్తం తీసుకుంటనన్నడు, ధర సుత మంచిగనే చెప్పిండు. గడువు ఇంకో గంటల అయిపోతదనంగ వద్దన్నడు. పెద్దమ్మకు ఈ సంగతి చెప్తే ఆమెకు అర్థమే కాలే. "కొంటనన్నడు గదా, మల్ల వద్దనుడేంది? మాట అంటే మాటే గదా" అన్నది. రెండో నంబరాయన ఐదు వందలు తక్కువకు అడిగిండు, అదే రోజు పైసలు పంపిండు. కిరాయి టైముకు కట్టింది. గా ఐదు వందలు మొదటాయనకు చాయ్ పైసలు కావొచ్చు, పెద్దమ్మకు వారం కూరగాయలు.

పార్శిల్ పంపినంక వచ్చే గొడవ ఇంకోటి. ఇంటికి పోయినంక "వద్దు" అంటే పోనురాను ఖర్చు మీ నెత్తి మీద పడ్తది. గందుకే నాణేలకు, స్టాంపులకు పైసలు ముందుగాలనే తీసుకునుడు మంచిది. చాలా ప్రైవేటు కొరియర్లు నాణేలను తీసుకోరు. పోస్టాఫీసుల ఇన్సూరెన్సు చేసి పంపుండ్రి. ప్యాక్ చేసేటప్పుడు ఆపకుండ ఒక్కటే వీడియో తీయుండ్రి, నాణెం మీద ఉన్న గీతలు అండ్ల కనబడాలె. కొన్నాయన సుత తెరిచేటప్పుడు వీడియో తీయాలని ముందే చెప్పుండ్రి. మీ మంచి నాణెం ఉంచుకొని అరిగిపోయింది వాపసు పంపేటోళ్లు ఉంటరు. వీడియో ఉంటే వాదన అక్కడనే ముగుస్తది.

క్యాన్సిల్ పేరు మీద జరిగే అసలు మోసం ఇంకోటి ఉంది. పైసలు పంపినట్టు స్క్రీన్‌షాట్ పెడ్తరు. గంటకు "అన్నా, వద్దనుకుంటున్న, నా పైసలు వాపసు కొట్టు" అంటరు. అసలు మీ ఖాతల పైస పడనే లేదు. లేకపోతే "పొరపాటున ఒక సున్నా ఎక్కువ కొట్టిన, మిగిలింది పంపు" అంటరు. స్క్రీన్‌షాట్‌ను, మెసేజ్‌ను నమ్మొద్దు. బ్యాంకు ఖాత తెరిచి చూసినంకనే వాపసు ఇయ్యుండ్రి, అది సుత పైసలు ఏ ఖాత నుంచి వచ్చినయో అదే ఖాతకు. యూపీఐల పైసలు తీసుకునేటందుకు పిన్ కొట్టే పనే లేదు. పిన్ అడిగిండ్రంటే మీ పైసలు పోతున్నట్టే. పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యుండ్రి. పాత నోట్లు, నాణేలు కొంటమని, అమ్మిపెడ్తమని రిజర్వు బ్యాంకు పేరు చెప్పి కమీషన్ అడిగేటోళ్లను నమ్మొద్దని 2021 ఆగస్టుల ఆ బ్యాంకే హెచ్చరించింది.

మనమే రద్దు చెయ్యాల్సిన అమ్మకం సుత ఒకటి ఉంది. 100 ఏండ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. అమెరికాల, దుబాయిల ఉన్న మనోళ్లు మోజుపడి అడిగినా అది దేశం బయటికి పంపరాదు. అసొంటియి అమ్ముడే వ్యాపారంగ పెట్టుకుంటే లైసెన్సు సుత కావాలె. మర్యాదగ కారణం చెప్పి పైసలు వాపసు ఇయ్యుండ్రి.

ఆఖరికి అమ్మేటోళ్లకు ఒక మాట. కొన్నాయన ఎనుకకు పోయిండని ఆయన నంబరు, ఫొటో గ్రూపులల్ల పెట్టి తిట్టుడు పద్ధతి కాదు. మళ్లొకసారి ఆయనతోని బేరం చెయ్యకుంటే అయిపాయె. ఇంకోటి, వెండి ధర పెరిగిందనో, ఎవరో రెండు వందలు ఎక్కువ ఇస్తనన్నరనో మాటిచ్చిన నాణేన్ని మనమే ఆపుకుంటే, కొనేటోళ్లను మాట తప్పిండ్రనే హక్కు మనకెక్కడిది? గడువు పెట్టుండ్రి, రాసి చెప్పుండ్రి, ఆ గడువు లోపల ఎవరెంత ఇస్తనన్నా ఆ నాణెం మొదటాయనదే అనుకోండ్రి. కొనేటోళ్లు సుత వద్దనిపిస్తే సిగ్గుపడి ఫోన్ బంద్ చెయ్యకుండ, ఆ నిమిషమే "వద్దు" అని చెప్పుండ్రి. తొందరగ చెప్పిన "వద్దు"తోని ఎవరికీ నష్టం లేదు. వారం నానబెట్టి చెప్పిన "వద్దు"కు అవతల ఎవరో ఒకరు పైసలు కడుతనే ఉంటరు.