వైజ్ఞానిక కల్పనా క్రీడలు: వాస్తవమెంత? వినోదమెంత?

బల్ల చుట్టును నలుగురైదుగురు కూర్చుందురు. ఒకరు నౌకాధిపతి, ఒకరు యంత్రజ్ఞుడు, ఇంకొకరు వైద్యురాలు. వేషములు లేవు, రంగస్థలము లేదు. ఉన్నవి పాచికలు, కాగితములు, పెన్సిళ్ళు. నిర్వాహకుడు పరిస్థితిని వర్ణించును. పాత్రధారులు తామేమి చేయుదురో చెప్పుదురు. ఫలితము సందిగ్ధమైనచోట పాచికలు తీర్పు చెప్పును. దీనినే రోల్‌ప్లేయింగు గేము అందురు. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు రచించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ఈ క్రీడ వ్యాప్తికి వచ్చినది.

మాంత్రికుల కథలో ‘ఇది సాధ్యమా?’ అని అడుగువారు అరుదు. కథ నక్షత్రములలోనికి పోయినంతనే ఆ ప్రశ్న తలయెత్తును. విజ్ఞానము పేరు చెప్పుకొన్న ఆట విజ్ఞానమునకు ఎంతవరకు కట్టుబడవలెను? పూర్తిగా కట్టుబడినచో ఆటలో ఉత్సాహము మిగులునా?

ఈ తగవు మనకు క్రొత్త కాదు. భరతుని నాట్యశాస్త్రము లోకధర్మి, నాట్యధర్మి అని రెండు పద్ధతులను చెప్పినది. లోకములో జరుగునట్లే చూపుట మొదటిది. రంగమునకు తగిన సంకేతములతో చూపుట రెండవది. నటుడు నాలుగడుగులు వేసి వేరొక ఊరు చేరితిననినచో ప్రేక్షకుడు కాదనడు. ఆ సంకేతమునే నడుమ మార్చినచో మాత్రము ఒప్పుకొనడు.

1977లో అమెరికాలోనే వెలువడిన మార్క్ మిల్లర్ రచన ‘ట్రావెలర్’ను చూతము. గ్రహము నుండి గ్రహమునకు పోవు కాలమును లెక్కించుటకు అందు భౌతికశాస్త్ర సూత్రమే ఉన్నది. నౌక సగము దూరము వేగము పెంచుకొనుచు, మిగిలిన సగము తగ్గించుకొనుచు పోవును. దూరమును త్వరణముచే భాగించి, వర్గమూలము తీసి, రెట్టింపు చేసినచో కాలము వచ్చును. దూరము పది లక్షల కిలోమీటర్లు, త్వరణము ఇంచుమించు భూమ్యాకర్షణకు సమానము అనుకొన్నచో సుమారు ఐదున్నర గంటలు పట్టును. వెంటాడు దొంగలు ముందు చేరుదురా, మనము చేరుదుమా అను ప్రశ్నకు ఒక్క లెక్కతో సమాధానము దొరకును. ఇది లోకధర్మి.

నక్షత్రము నుండి నక్షత్రమునకు పోవునప్పుడు ఆ గ్రంథమే విజ్ఞానమును ప్రక్కకు నెట్టినది. కాంతిని మించిన వేగము లేదని శాస్త్రము చెప్పుచుండగా, ఇందలి నౌక ‘జంపు’ అను ఒక్క దూకుతో, తన యంత్రశక్తిని బట్టి, ఒకటి మొదలు ఆరు పార్సెకుల వరకు పోగలదు. పార్సెకు అనగా 3.26 కాంతి సంవత్సరములు. దూరమెంతయైనను పట్టు కాలము సుమారు ఒక వారము. ఇది కేవల కల్పన. ఐనను దాని ఫలితములు కచ్చితముగా పాటింపబడినవి. నౌకకన్న ముందు వార్త పోజాలదు. రాజధాని సంగతి సరిహద్దు గ్రహమునకు వారములు, నెలలు గడచినగాని తెలియదు. పై అధికారి ఉత్తరువు కొరకు వేచియుండుట కుదరదు కనుక, నౌకాధిపతి తానే నిర్ణయింపవలెను. నాట్యధర్మి ఇచ్చట ఆటకు ప్రాణము పోసినది.

అప్పు సంగతియు అట్టిదే. నౌక ఖరీదులో ఐదవ వంతు ముందుగా చెల్లించి, తరువాత నెలకు ఖరీదులో 240వ వంతు చొప్పున 480 నెలలు కట్టవలెను. నలువది యేండ్ల ఋణము! సరకు దొరకక, వాయిదా దగ్గరపడినప్పుడు, అనుమానపు పెట్టెలను ఎక్కించుకొనుమని ఎవరేని అడిగినచో ఏమి చేయవలెను? జమాఖర్చుల పుస్తకమే సాహసమునకు దారితీసినది.

ఇక రెండు ఆటలను పోల్చి చూతము. 1986 నాటి ‘ఏలియన్స్’ చలనచిత్రము ఆధారముగా 1991లో లీడింగ్ ఎడ్జ్ గేమ్స్ వారు ఒక ఆటను ప్రకటించిరి. అందు గుండు శరీరములో ఎచ్చట తగిలినది, ఎంత గాయము చేసినది పట్టికలలో వెదకవలెను. అదే కథాలోకముపై 2019లో స్వీడనుకు చెందిన ఫ్రీ లీగ్ సంస్థ ‘ఏలియన్’ అను ఆటను వెలువరించినది. ఇందు పాత్ర యొక్క ఆందోళన పెరిగినకొలది ఆటగానికి అదనపు పాచికలు వచ్చును. అవి విజయావకాశమును పెంచును. కాని వానిలో ఒకటి పడినచో పాత్ర బెదరిపోవచ్చును. మొదటిది గాయమును కొలిచినది, రెండవది భయమును కొలిచినది. రెండును వాస్తవములే. ఐనను చీకటి నడవలో ఇంకొక అడుగు వేయుదమా, వెనుదిరుగుదమా అని పాత్రధారి తటపటాయించునది రెండవదానిలోనే.

కనుక వాస్తవమునకును వినోదమునకును సహజవైరము లేదని మా అభిప్రాయము. పాత్రధారి ముందు ఒక నిర్ణయమును నిలుపు వాస్తవమును ఉంచుకొనవలెను. గుణకారమును మాత్రమే పెంచు వాస్తవమును నిర్వాహకునికి విడిచిపెట్టవలెను. పట్టికలయందే ఆనందము పొందువారును కలరు; వారిని తప్పుపట్ట పనిలేదు. అందరు తీరిక చేసికొని కలిసికొను సాయంకాలము ఒక్కటే గదా! ఏది శాస్త్రము, ఏది సంకేతము అను సంగతి మొదటి పాచిక వేయకముందే మాటలాడుకొనుట మేలు. నిన్న గాలిలేనిచోట ఊపిరాడక మరణించిన పాత్రకును, నేడు అదేచోట బ్రదికిన పాత్రకును నియమము వేరైనచో, నిర్వాహకుని మాటను ఇక ఎవరు నమ్ముదురు?