పాత డీజిలు గూడ్సు ఇంజను – జ్ఞాపకాల వెనుకనున్న శాస్త్రము

పొగబండి అన్న మాట మన భాషలో ఇంకను నిలిచియున్నది. ఆ పేరుకు కారణమైన పొగ మాత్రము మన స్టేషన్ల నుండి దాదాపు తప్పుకొన్నది. మొదట బొగ్గింజను పోయినది. దాని వెనుకనే పాత డీజిలు ఇంజను కూడ పోవుచున్నది. బొగ్గింజను కథలలోను, పిల్లల పాటలలోను చోటు సంపాదించుకొన్నది. దేశపు బరువును దశాబ్దాల తరబడి లాగిన డీజిలు ఇంజనుకు ఆ భాగ్యము కలుగలేదు. దానిని తలచుకొనువారు కొందరు రైలు ప్రియులు, రైల్వే కార్మికులు మాత్రమే. వారి జ్ఞాపకాలలోని విశేషాలకు శాస్త్రీయమైన కారణాలున్నవి. వాటిని వివరించుటయే మా ఉద్దేశము.

అనకాపల్లి మద్రాసు–హౌరా ప్రధాన మార్గముపై ఉన్నది. ఇక్కడికి 30 కి.మీ. పైచిలుకు దూరములోనున్న విశాఖపట్నములో 1965లో డీజిలు షెడ్డు ఏర్పడినది. వాల్తేరు షెడ్డుగా పేరొందిన ఇది దేశములోని పెద్ద డీజిలు షెడ్లలో ఒకటిగా పెరిగినది. విజయవాడ–విశాఖపట్నం మార్గము 1997 నాటికి పూర్తిగా విద్యుదీకరణ పొందినది. అంతవరకు మన ఊరి మీదుగా సాగిన గూడ్సు బండ్లను లాగుటలో డీజిలు ఇంజనుదే పెద్దపాత్ర. కనుక నడివయసు దాటిన అనకాపల్లి వాసుల చెవులకు దాని శబ్దము చిరపరిచితమే.

ఆ ఇంజన్లలో ముఖ్యమైనది డబ్ల్యు.డి.ఎం.–2. ఇందులో మొదటి అక్షరము బ్రాడ్ గేజిని, రెండవది డీజిలును, మూడవది గూడ్సుకు, ప్రయాణికుల బండికి రెంటికిని పనికివచ్చుటను సూచించును. అమెరికాలోని ఆల్కో కంపెనీ దీని రూపకర్త. దీని శక్తి 2,600 అశ్వబలము. మొదట కొన్ని అక్కడినుండియే వచ్చినవి. 1964లో వారణాసి కర్మాగారములో వీటి తయారీ మొదలైనది. 1969లో ఆల్కో కంపెనీ ఇంజన్ల తయారీని మానివేసినది. అయినను ఆ నమూనా మన దేశములో మరి మూడు దశాబ్దాల పాటు తయారై, రెండు వేలకు మించిన ఇంజన్లుగా పట్టాలెక్కినది. పుట్టింట దీపమారినను మెట్టినింట వంశము నిలిచినట్లైనది.

డీజిలు యంత్రము చక్రాలను నేరుగా త్రిప్పునని చాలమంది అనుకొందురు. అది నిజము కాదు. పదునారు సిలిండర్ల యంత్రము ఒక జనరేటరును త్రిప్పును. అందు పుట్టిన విద్యుత్తు ఆరు ఇరుసులకు అమర్చిన ఆరు మోటార్లకు చేరి చక్రాలను కదలించును. అనగా డీజిలు ఇంజను తన విద్యుత్కేంద్రమును తానే మోసుకొనిపోవు బండి.

రైలు ప్రియులు ముందుగా చెప్పునది నల్లని పొగను గూర్చి. డ్రైవరు చేతిపిడికి ఎనిమిది మెట్లుండును. పిడిని పై మెట్టుకు జరుపగానే సిలిండర్లలోనికి నూనె ఎక్కువగా పోవును. కాని దానిని మండించుటకు కావలసిన గాలిని అందించు టర్బో యంత్రము, బయటకు పోవు వేడి వాయువుల బలముతో తిరుగునది గనుక, వేగము పుంజుకొనుటకు కొంత సమయము పట్టును. నూనె ముందు, గాలి వెనుక. పూర్తిగా మండని నూనె మసియై ఎగయును. చూపరులకు అది వేడుక. ఇంధనమునకు నష్టము, ఊపిరితిత్తులకు హాని.

రెండవ జ్ఞాపకము శబ్దము. ఆల్కో యంత్రములో ప్రతి సిలిండరు రెండు చుట్లకు ఒకసారి మాత్రమే పేలును. 1999 నుండి వచ్చిన డబ్ల్యు.డి.జి.–4లో ప్రతి చుట్టుకు ఒకసారి పేలును. అందుచేత క్రొత్తదాని ధ్వని ఒకే ధారగా సాగును. పాతది ఒక్కొక్క దెబ్బ వినబడునట్లు గుర్రపు దౌడువలె నడచును. చీకటిలో వినియే ఇది ఫలానా ఇంజనని గుర్తించుట దీనివలననే సాధ్యమైనది.

ఈ ఇంజన్లకు అసలైన పరీక్ష కొత్తవలస–కిరండూలు మార్గములో జరిగినది. జపానుకు ఇనుప ఖనిజము పంపుటకు 1960లో కుదిరిన ఒప్పందము మేరకు, 1960ల చివరిలో సుమారు 445 కి.మీ. పొడవున ఈ దారి ఏర్పడినది. 996 మీటర్ల ఎత్తుననున్న శిమిలిగుడ నుండి నిండు బండి అనంతగిరి ఘాటు దిగవలెను. అచ్చట లాగుటకన్న ఆపుట కష్టము. బ్రేకు దిమ్మెలు చక్రాలను అదేపనిగా ఒరసికొన్నచో కాగి పట్టు సడలును. కనుక మోటార్లనే జనరేటర్లుగా మార్చి, చక్రాల వేగముతో విద్యుత్తును పుట్టించి, దానిని వేడిగా గాలిలోనికి వదలుదురు. బండి తన పరుగును తానే నిగ్రహించుకొనును. మూడేసి ఇంజన్లను జోడించి నడిపిన ఈ దారి 1982 నాటికి విద్యుత్తుకు మారినది.

విద్యుదీకరణ మేలే చేసినది. పాత పొగను తిరిగి కోరుట మా అభిమతము కాదు. వారణాసి కర్మాగారము కూడ ఇప్పుడు ప్రధానముగా విద్యుత్తు ఇంజన్లనే నిర్మించుచున్నది. మా చింత వేరు. మ్యూజియములో నిలిపిన ఇంజను తన ఆకారమును చూపగలదు, నోరు విప్పలేదు. ఘాటులో ఏ మలుపున ఏ మెట్టు వేయవలెనో, ఏ శబ్దము ఏ రోగమునకు గుర్తో ఎరిగిన డ్రైవర్లు, మిస్త్రీలు, ఖలాసీలు పదవీ విరమణ చేసి వృద్ధులైనారు. ఖలాసీ అన్న మాట ఉర్దూ నుండి వచ్చి తెలుగు కార్మికుని సొంతమైనది. ఆ మాట పలికినవారి విద్య ఏ భాషలోను సరిగా వ్రాతకెక్కలేదు.

విద్యార్థులారా! మీ ఇండ్లలో, మీ వీధులలో అట్టివారు ఉందురు. వారిని అడుగుడు, చెప్పినది చెప్పినట్లు, తెలుగునగాని ఉర్దూలోగాని వ్రాసి ఉంచుడు. ఇనుమును కరగించి మరల పోతపోయవచ్చును. మనిషితోపాటు పోయిన పనితనమును పోతపోయు కొలిమి లేదు.