అందరి కోసం – ఒక్కరి కోసం: సాఫ్ట్‌వేర్ నాణ్యతా పరీక్ష

దుకాణంలో దొరికే రెడీమేడ్ చొక్కా ఏ ఒక్కరి కొలతలకూ కుట్టినది కాదు. దర్జీ కుట్టే చొక్కా మాత్రం కొలతలిచ్చిన వానికే సరిపోతుంది. సాఫ్ట్‌వేర్ నిర్మాణంలోనూ ఇటువంటి భేదమే ఉంది. లక్షలాది మందికి విక్రయించేందుకు తయారుచేసేది వాణిజ్య సాఫ్ట్‌వేర్. ఒక సంస్థ తన అవసరాలను తెలిపి ప్రత్యేకంగా చేయించుకునేది కస్టమ్ సాఫ్ట్‌వేర్. రెండింటినీ పరీక్షించవలసిందే. అయితే పరీక్షకుడు వేసుకోవలసిన ప్రశ్నలు వేరు.

కస్టమ్ సాఫ్ట్‌వేర్‌కు గీటురాయి అవసరాల పత్రం. అందులోని ప్రతి అంశమూ నెరవేరిందా అని పరీక్షకుడు సరిచూస్తాడు. చివరకు చేయించుకున్నవారే స్వయంగా నడిపి చూసి అంగీకారం తెలుపుతారు. పద్ధతి సుగమంగానే కనిపిస్తుంది. కాని ఆ పత్రంలోనే లోపముంటే? గణయతిప్రాసలు సరిపోయినంత మాత్రాన పద్యం భావవంతం కాదు గదా!

1996 జూన్ 4న దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానాలో, కూరూ కేంద్రం నుండి ఐరోపా వారి ఏరియన్-5 రాకెట్టు తొలిసారి నింగికి ఎగసింది. దాని స్థితిగతులను గణించే పరికరంలోని సాఫ్ట్‌వేర్ ఏరియన్-4 కోసం రాయించినది. ఆ పాత రాకెట్టులో అది చక్కగా పనిచేసింది. కొత్త రాకెట్టు అడ్డదిశలో పుంజుకునే వేగం పాతదానికంటే చాలా ఎక్కువ. అందుచేత ఆ వేగానికి సంబంధించిన ఒక సంఖ్య, దానికి కేటాయించిన 16 బిట్ల స్థానంలో ఇమడలేదు. సుమారు 37 సెకన్లకు ప్రధాన పరికరమూ, దానికి తోడుగా అమర్చిన పరికరమూ విఫలమయ్యాయి. రెండింటిలోనూ ఉన్నది ఒకే సాఫ్ట్‌వేర్ మరి! రాకెట్టు దారి తప్పి, నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలతో సహా ధ్వంసమైంది. కొత్త రాకెట్టు గమనమార్గపు వివరాలు ఆ పరికరపు అవసరాల పత్రంలో చేరనేలేదని విచారణ సంఘం తేల్చింది. పత్రంలో లేనిది పరీక్షలోకీ రాలేదు. విచారకరమైన విషయమేమంటే, ఆ గణనతో నేలను వీడిన తరువాత ఏరియన్-5కు పనే లేదు.

వాణిజ్య సాఫ్ట్‌వేర్ విషయంలో చిక్కు మరొక విధమైనది. కొనేది ఎవరో, వారి కంప్యూటర్ ఎట్టిదో నిర్మాతకు ముందుగా తెలియదు. అందువల్ల సంస్థలోపల జరిపే ఆల్ఫా పరీక్షతో తృప్తిపడక, కొందరు వినియోగదారులకు ముందుగా ఇచ్చి బీటా పరీక్ష జరుపుతారు. అమ్మిన తరువాత పంపే మార్పులకూ ఇంతటి జాగ్రత్త అవసరమే.

2024 జూలై 19న అమెరికాకు చెందిన క్రౌడ్‌స్ట్రయిక్ సంస్థ తన కంప్యూటర్ రక్షణ సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న ఫైలును పంపింది. సాఫ్ట్‌వేర్ అందించేది 20 అంశాలు కాగా, ఆ ఫైలు 21వ అంశం కోసం వెదికింది. దోషాన్ని పట్టవలసిన తనిఖీ ప్రోగ్రామే దోషభూయిష్ఠమైనందున ఫైలు ఉత్తీర్ణమైంది! 78 నిమిషాలలో దానిని ఉపసంహరించినా, అప్పటికే దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు స్తంభించాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. వాటిలో చాలావాటి వద్దకు సిబ్బంది వెళ్లి, ఆ ఫైలును చేతితో తొలగించవలసి వచ్చింది. ఆ రోజు హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అటుపిమ్మట ఆ సంస్థ ఇటువంటి ఫైళ్లను ముందుగా కొన్ని కంప్యూటర్లకు మాత్రమే పంపి, ఫలితం చూసి, తక్కినవాటికి విడతలవారీగా అందించే పద్ధతిని చేపట్టింది.