వార్తల్లో పదం: సెక్షన్ 7 సంప్రదింపులు

అంతరించిపోతున్న జీవుల రక్షణకు అమెరికా 1973లో తెచ్చిన చట్టంలోని నిబంధన ఇది. ఫెడరల్ సంస్థ చేపట్టే పని వల్ల రక్షిత జీవికి హాని కలిగేలా ఉంటే ముందుగా వన్యప్రాణి శాఖను సంప్రదించాలి. ఈ సంప్రదింపులు లాంఛనంగా మొదలైతే గడువు 135 రోజులు.

కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోనే చూడండి. రెండు నదులు కలిసే చోట, కరకట్టల అండతో బతుకుతున్న నగరమది. ఆర్మీ ఇంజనీర్లు గట్టును బలపరచబోతే ఎల్డర్‌బెర్రీ పొదలు అడ్డొస్తాయి. వాటి కాండం లోపల ఏడాది, రెండేళ్లు దాగి పెరుగుతుంది ఒక పొడవు మీసాల పెంకుపురుగు. 1980 నుంచి అది రక్షిత జాబితాలో ఉంది. అది అక్కడ ఉందనడానికి పైకి కనిపించే ఆనవాలు కాండానికి పడ్డ చిన్న రంధ్రమే. అందుకే అంగుళం లావున్న కాండాలను సైతం లెక్కలోకి తీసుకుంటారు. పొదను పెకలించి వేరేచోట నాటడం చలికాలంలో చేయాలి. మట్టిపనికేమో వరద భయం లేని వేసవి కావాలి. చలికాలం తప్పిపోతే ఏడాది ఆలస్యమే.

పురుగు కోసం మనుషుల్ని ముంచుతారా అన్న కోపం సహజమే. కానీ అక్కడి నదీతీరపు అడవిని చాలావరకు పొలాలూ గట్లూ ఎప్పుడో మింగేశాయి. మిగిలిన కాస్త చోటే దానికి ఇల్లు. రెండూ దక్కాలంటే పొదల సర్వే గట్టు డిజైన్‌తో పాటే మొదలవ్వాలి. గండి పడేంత అత్యవసరమైతే చట్టమే వెసులుబాటు ఇస్తుంది: ముందు మరమ్మతు, పూర్తి సంప్రదింపులు తర్వాత.