చేత్తో వినే విద్య: తాళం తీయడంలో టెన్షన్ గురించి అపోహలు – వాస్తవాలు

మన మాటల్లో టెన్షన్ అంటే మనసులోని ఆందోళన. తాళాల పని తెలిసినవాళ్ల మాటల్లో దాని అర్థం వేరు. చెవి లేకుండా తాళం తీసేటప్పుడు, సిలిండర్ తిరగడానికి వేలితో పెట్టే ఒత్తిడే టెన్షన్. ఆ ఒత్తిడి పెట్టే పనిముట్టు టెన్షన్ టూల్, తాళం లోపలి పిన్నులను ఎత్తే సన్నని పనిముట్టు పిక్. చెవి పోగొట్టుకున్నవారి తలుపు పగలగొట్టకుండా తెరిచే పనివాడికైనా, పాత తాళం ముందేసుకుని సాధన చేసే కుర్రాడికైనా ఈ విద్యలో అసలు మెళకువ ఇదే. దీని చుట్టూ అల్లుకున్న అపోహలను ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

అపోహ: పనంతా పిక్‌దే. టెన్షన్ టూల్ ఊరికే పట్టుకుంటే చాలు.

వాస్తవం: పిక్ పిన్నును ఎత్తుతుంది, అంతే. ఎత్తిన పిన్నును అక్కడ నిలిపేది టెన్షన్. 1861, 1865లలో లైనస్ యేల్ జూనియర్ పేటెంట్లు పొందిన పద్ధతే ఇప్పటి సిలిండర్ తాళాల్లోనూ నడుస్తోంది. తిరిగే ప్లగ్‌లోనూ, దాని చుట్టూ ఉండే ఒరలోనూ వరుసగా రంధ్రాలుంటాయి, సాధారణంగా ఐదో ఆరో. ఒక్కో రంధ్రంలో కింద ఒక పిన్ను, దానిమీద మరో పిన్ను, పైన స్ప్రింగు. ప్రతి జంటలోనూ రెండు పిన్నులు కలిసే చోటు సరిగ్గా ప్లగ్ అంచుకు వస్తేనే తాళం తిరుగుతుంది. సరైన చెవి అన్నిటినీ ఒకేసారి అక్కడికి చేరుస్తుంది.

పిక్‌తో ఒక్కొక్కటిగా చేర్చడం ఎలా సాధ్యం? ఎంత మంచి యంత్రంతో తొలిచినా ఆ రంధ్రాలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే గీతమీద పడవు. అందుకే ప్లగ్‌ను కొద్దిగా తిప్పి పట్టుకున్నప్పుడు ఏదో ఒక పిన్ను మిగతావాటికంటే ముందు బిగుసుకుంటుంది. దాన్ని ఎత్తితే చిన్న టిక్కుతో కుదురుకుంటుంది. ప్లగ్ రవ్వంత కదిలి, బిగువు మరో పిన్నుమీదికి మారుతుంది. ఒత్తిడే లేకపోతే ఎత్తిన ప్రతి పిన్నునూ స్ప్రింగు మళ్లీ కిందికి తోసేస్తుంది.

అపోహ: గట్టిగా తిప్పేకొద్దీ తాళం తొందరగా లొంగుతుంది.

వాస్తవం: కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. నాడి చూసే వైద్యుడు మణికట్టును నొక్కిపడితే నాడి అందదు. తాళమూ అంతే. బలం ఎక్కువైతే ఒక పిన్ను బిగుసుకోవాల్సిన చోట రెండు మూడు కలిసి బిగుసుకుంటాయి. ఏది ముందో, ఏది కుదిరిందో వేలికి తెలియదు. బిగిసిన పిన్నును బలంగా ఎత్తబోతే హద్దు దాటి పైకిపోయి అక్కడే ఇరుక్కుంటుంది. అప్పుడు వదిలేసి మళ్లీ మొదలుపెట్టడమే. పిక్ వంగడం, విరగడం కూడా ఎక్కువగా ఇలాంటప్పుడే. చాలా తాళాలకు వేలికొన బరువు ఆనితే సరిపోతుంది.

అపోహ: సరైన ఒత్తిడి ఒకసారి దొరికితే చివరిదాకా అలాగే పట్టుకోవాలి.

వాస్తవం: కొన్ని తాళాల్లో పైపిన్నులు డమరుకంలా నడుమ సన్నగా ఉంటాయి. పిక్‌ను మోసగించడానికే వాటినలా చేస్తారు. ఆ నడుము దగ్గర ప్లగ్ కొంత తిరిగి, తాళం వచ్చేసినట్టే అనిపించి ఆగిపోతుంది. అప్పుడు బలం పెంచితే మరింత బిగుసుకుంటుంది. ఇరుక్కున్న పిన్నును మెల్లగా ఎత్తుతుంటే ప్లగ్ వెనక్కి తిరగాలని చూస్తుంది. వేలు దాన్ని తిరగనివ్వాలి, అలాగని పూర్తిగా వదలకూడదు. వదిలితే కుదిరిన పిన్నులన్నీ జారిపోతాయి. పట్టు సడలించడమూ టెన్షన్‌లో భాగమే.

అపోహ: ఎంత బలం పెట్టాలో గ్రాముల్లో చెప్పేస్తే నేర్చుకున్నట్టే.

వాస్తవం: స్ప్రింగు గట్టిదనం, లోపలి దుమ్ము, అరుగుదల, టూల్ పొడవు తాళం తాళానికీ మారతాయి. అన్నిటికీ పనికొచ్చే అంకె లేదు, పద్ధతి ఉంది. అసలు ఒత్తిడి పెట్టకుండా పిన్నులను తడిమి చూడండి. అన్నీ స్ప్రింగుమీద తేలికగా ఆడతాయి. ఇక కొద్దికొద్దిగా ఒత్తిడి పెంచుతూ పోండి. ఒక్క పిన్ను మొరాయించిన చోట ఆగండి. మీరు మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే. తాళాన్ని విప్పి ఒకే జంట పిన్నులతో సాధన మొదలుపెట్టి, తరవాత రెండు, మూడు పెంచుకుంటూ పోవడం ఇంకా మంచి దారి. టూల్ కూడా చెవి దూరే గాడిలో వదులుగా ఊగకూడదు. ఊగితే తాళం చెప్పే కబురు వేలిదాకా రాదు.

అపోహ: ఇది ఈమధ్య వీడియోలు తెచ్చిన వింత.

వాస్తవం: 1851లో లండన్ మహాప్రదర్శనకు వచ్చిన అమెరికన్ తాళాల నిపుణుడు ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్, ఎవరికీ లొంగదని పేరుపడ్డ చబ్ డిటెక్టర్ తాళాన్ని సుమారు 25 నిమిషాల్లో తీశాడు. అందులో పిన్నుల బదులుండే లివర్‌ను (మీటను) హద్దు దాటి ఎత్తితే తాళం బిగిసిపోయి, ఎవరో చెయ్యిపెట్టారని యజమానికి తెలిసిపోతుంది. హాబ్స్ చేసిందల్లా గడియమీద ఒత్తిడి ఉంచి, ఏ లివర్ అడ్డుపడుతోందో వేలితో కనిపెట్టి, దాన్ని కావలసినంతే కదపడం. ఆ తరవాత, 1790 నుంచి 200 గినీల పందెంతో నిలిచిన బ్రామా తాళాన్ని 16 రోజుల్లో మొత్తం 51 గంటలు శ్రమించి తీశాడు. సినిమాల్లో క్షణంలో ఊడే తాళాలు చూసినవాళ్లు ఆ 51 గంటల ఓపికను గుర్తుంచుకోవాలి.

అపోహ: ఈ విద్య దొంగలకే పనికొస్తుంది.

వాస్తవం: తాళంలోని లోపాన్ని దాచిపెడితే నష్టపోయేది దాన్ని నమ్మి కొన్నవారేనని హాబ్స్ అప్పుడే వాదించాడు. ఆయన బయటపెట్టిన లోపాలే తరవాతి తాళాలను మెరుగుపరిచాయి. నేడు దీన్ని ఆటగా సాధన చేసే సంఘాలు చాలా దేశాల్లో ఉన్నాయి. వాళ్లు పాటించే నియమాలు రెండు. మీది కాని తాళాన్ని, యజమాని అనుమతి లేకుండా ముట్టుకోవద్దు. వాడుకలో ఉన్న తాళం మీదైనా సరే, దానిమీద సాధన చేయొద్దు, లోపలి భాగాలు పాడైతే తలుపే తెరుచుకోదు. టెన్షన్ నేర్చుకునే ప్రతి ఒక్కరూ ముందుగా ఒంటబట్టించుకోవాల్సినవి ఇవే.

తాళం తీసే సాధనాన్ని మనలో కొందరు తాళంచెవి అంటారు, కొందరు తాళంచెయ్యి అంటారు. అది లేనప్పుడు చెవి పనీ, చెయ్యి పనీ రెండూ వేలే చేయాలి. బలం తగ్గించిన కొద్దీ వేలు చెవి అవుతుంది.