మన ప్లీడరుగారు ఈ మధ్య ఏం చదివారు?

మిక్సీ పాడైతే రిపేరు చేసే అబ్బాయిని "ఈ కొత్త మోడల్ నీకు తెలుసా నాయనా?" అని అడిగి మరీ చేతికిస్తాం. ట్యూషన్ మాస్టారిని "సిలబస్ మారిందటగా, చూశారా?" అని నిలదీస్తాం. కానీ కోర్టు పని పడి ప్లీడరుగారి గుమ్మం ఎక్కామా, మన నోరు పెగలదు. అద్దాల బీరువాల నిండా లావుపాటి పుస్తకాలు, కొక్కేనికి నల్లకోటు, గోడకు ఎప్పటిదో పట్టా... అవన్నీ చూసి "ఈయనకు తెలియందేముంటుందిలే" అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. మా ఇంట్లో పొలం పంపకాలప్పుడు గానీ నాకు కళ్ళు తెరుచుకోలేదు.

మా మామగారు 2002లో పోయారు. అత్తగారు అంతకు ముందే పోయారు. పిత్రార్జితం తొమ్మిదెకరాలు ఉంది. పిల్లలు ముగ్గురు: అందరికంటే పెద్ద మా వదిన, తర్వాత మా బావగారు, ఆఖరున మావారు. వదిన పెళ్ళి 1983లో అయింది. పొలం ఎవరూ పంచుకోలేదు. కౌలుకిచ్చి ఆ డబ్బు అన్నదమ్ములిద్దరూ తీసుకునేవారు, పండక్కి అక్కగారికి చీర పెట్టేవారు. 2021లో ఇక పంచేసుకుందామనుకుని, మా మామగారి కాలం నుంచీ తెలిసిన ప్లీడరుగారి దగ్గరికే వెళ్ళాం.

ఆయన లెక్క ఇలా చెప్పారు. "ఆడపిల్లకు కొడుకుతో సమానంగా రావాలంటే 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండాలి. మీ మామగారు అప్పటికే లేరు. కాబట్టి తండ్రికీ ఇద్దరు కొడుకులకూ తలా మూడెకరాలు. ఆ తండ్రి మూడెకరాల్లో ముగ్గురు పిల్లలకూ తలా ఎకరం." అంటే అన్నదమ్ములకు నాలుగేసి ఎకరాలు, వదినకు ఒక్క ఎకరం. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ గారి హయాంలో 1985లోనే ఆడపిల్లలకు హక్కు ఇచ్చారు గానీ, అది అప్పటికి పెళ్ళి కాని వాళ్ళకే. వదిన రెండేళ్ళ తేడాతో అందులోనూ రాలేదు. ఆవిడ ఏమీ అనలేదు. "నాన్న గుర్తుగా ఆ ఎకరం చాలు" అంది. స్టాంపు కాగితాలు కూడా కొన్నాం.

డల్లాస్ అమ్మాయి క్లాసు

సరిగ్గా ఆ రోజుల్లోనే మా పెద్దమ్మ మనవరాలికి పుట్టినరోజని ఫోన్ చేశాను. ఆ పిల్ల డల్లాస్ లో లాయరు. "పిన్నీ, క్లాసులో ఉన్నాను, మళ్ళీ చేస్తాను" అని పెట్టేసింది. తర్వాత చేస్తే "అదేమిటే, లాయరై ఎనిమిదేళ్ళయింది కదా, ఇంకా క్లాసేమిటి?" అని అడిగాను. అప్పుడు చెప్పింది.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో లాయరు పట్టా వచ్చాక కూడా చదువు తప్పదట. వాళ్ళుండే టెక్సాస్ లో ఏటా 15 గంటల పాఠాలు వినాలి. అందులో 3 గంటలు వృత్తి ధర్మం, నీతి నియమాల మీదే ఉండాలి. ఆ లెక్క ఎవరి పుట్టిన నెలను బట్టి వాళ్ళకు నడుస్తుంది. అందుకే పుట్టినరోజు నాడు కేకు పక్కన పెట్టి పాఠం వింటోంది పిల్ల! గంటలు పూర్తి చేయకపోతే ముందు నోటీసు, ఆ తర్వాత లైసెన్సే ఆపేస్తారు. మళ్ళీ సరిచేసుకునేదాకా కోర్టులో నిలబడడానికి లేదు.

ఈ పద్ధతికి 1975లో మిన్నెసోటా రాష్ట్రం దారి చూపింది. అక్కడ మూడేళ్ళకు 45 గంటలు. కాలిఫోర్నియాలో మూడేళ్ళకు 25 గంటలు. న్యూయార్క్ లో రెండేళ్ళకు 24 గంటలు, కొత్తగా లాయరైన వాళ్ళకైతే మొదటి రెండేళ్ళలో 32 గంటలు. క్లయింట్ల వివరాలు కంప్యూటర్ దొంగల పాలు కాకుండా ఎలా కాపాడాలో కూడా 2023 జూలై నుంచి న్యూయార్క్ లో ఒక గంట నేర్చుకోవాలి. ఫిలిప్పీన్స్ వంటి దేశంలో కూడా మూడేళ్ళకు 36 గంటల నిబంధన ఉంది. అలాగని అన్నిచోట్లా ఉందనుకోకండి. అమెరికాలోనే మసాచుసెట్స్, మిషిగన్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో ఇలా గంటల లెక్క లేదు.

కాగితాలు చదివి వినిపిస్తామంటే మళ్ళీ ప్లీడరుగారి దగ్గరికి వెళ్ళాం. నాకు నోరు ఊరుకోలేదు. "బాబాయిగారూ, అమెరికాలో లాయర్లకు ఏటా క్లాసులుంటాయట. మరి మీకుంటాయా?" అనేశాను. మావారు గుడ్లురిమారు. ఆయన నవ్వి, "నలభై ఏళ్ళ ప్రాక్టీసమ్మా నాది. నాకు పాఠం చెప్పేదెవరు?" అన్నారు.

నాలుగు రోజుల తర్వాత ఆయనే ఫోన్ చేశారు. "ఆ కాగితాలు ఆపండమ్మా. మీరడిగిన మాట మనసులో గుచ్చుకుంది. కంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ నేను జర్నల్సు సరిగా చూడడం లేదు. మా జూనియరమ్మాయి చేత కొత్త తీర్పులు తీయించాను. నేను చెప్పింది తప్పు" అన్నారు.

ఆయన చెప్పింది కల్పన కాదు. 2015లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో అలాగే ఉంది. కానీ 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం దాన్ని మార్చింది. కూతురికి హక్కు పుట్టుకతో వస్తుంది, 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదు అని తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతి ప్రకారం పంపకాలు అయిపోయిన ఆస్తుల జోలికి మాత్రం పోకూడదంది. మాకు పంపకాలే కాలేదు! కాబట్టి తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు కలిపి నాలుగు వాటాలు. తండ్రి వాటా మళ్ళీ ముగ్గురికీ సమానం. లెక్క వేస్తే తలా మూడెకరాలు. ఒకటెక్కడ, మూడెక్కడ!

ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. నిజం చెప్పొద్దూ, వదిన ఒప్పేసుకుంది కదా, నోరు మూసుకుంటే ఆ ఎకరం మనదే కదా అని నాకూ ఒక్క క్షణం అనిపించింది. నాకూ ఇద్దరు పిల్లలున్నారు. తెల్లారి కాఫీ ఇస్తుంటే మావారు "అక్కయ్యకు నువ్వే ఫోన్ చేసి చెప్పు" అన్నారు. చెప్పాను. "నేనడగలేదు కదే" అని, కాసేపాగి, "హక్కంటున్నారు కాబట్టి తీసుకుంటాను" అంది వదిన. బావగారికి కోపం వచ్చింది. పాత లెక్కనే రాసేయమని ప్లీడరుగారిని అడిగారు. "తెలియక రాస్తే పొరపాటు, తెలిశాక రాస్తే మోసం" అని ఆయన ఒప్పుకోలేదు. రెండు నెలల తర్వాత బావగారూ సంతకం పెట్టారు. ఈ రోజు వదిన మందుల ఖర్చు, కరెంటు బిల్లు ఆ మూడెకరాల కౌలుతోనే నడుస్తున్నాయి. ఆ తప్పు కాగితమే రిజిస్టరై ఉంటే దాన్ని కొట్టేయించడానికి ఎన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చేదో!

మన దగ్గర ఏముంది?

మన లాయర్లకు ఆధారం 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం. లా డిగ్రీ పూర్తిచేసి రాష్ట్ర బార్ కౌన్సిల్ లో పేరు నమోదు చేయించుకోవాలి. ఆపైన బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పెట్టే ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి. ఈ పరీక్ష మొదటిసారి 2011 మార్చిలో జరిగింది. ఇది పెట్టవచ్చునని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా చెప్పింది.

అయితే ఈ పరీక్ష ఒక్కసారికే. ఆ తర్వాత ఏడాదికి ఇన్ని గంటలు చదవాలని దేశంలోని లాయర్లందరికీ వర్తించే నిబంధన లేదు. బార్ అసోసియేషన్లు, లా కాలేజీలు ఉపన్యాసాలు పెడుతుంటాయి. ఇష్టమున్నవాళ్ళు వెళతారు, పని ఒత్తిడిలో ఉన్నవాళ్ళు వెళ్ళరు. జడ్జీల శిక్షణకు భోపాల్ లో నేషనల్ జుడీషియల్ అకాడమీ ఉంది, రాష్ట్రాల్లోనూ అకాడమీలున్నాయి. మన ఆదాయపు పన్ను లెక్కలు చూసే చార్టర్డ్ అకౌంటెంట్ ప్రాక్టీసు చేయాలంటే మూడేళ్ళలో 120 గంటలు చదువుకు పెట్టాల్సిందే. డబ్బు లెక్క చూసేవారికి ఉన్న నిబంధన, మన ఇల్లూ వాకిలీ, పిల్లలూ, మానమర్యాదలూ చూసేవారికి ఎందుకుండకూడదు?

క్లాసులో కూర్చుంటే చాలా?

ఇక్కడ రెండోవైపు కూడా చెప్పాలి. డల్లాస్ అమ్మాయే నవ్వుతూ అంది: "కొందరు వీడియో పెట్టుకుని వంట చేసుకుంటారు పిన్నీ. గంటలు పడతాయి, బుర్రకేం ఎక్కదు." ఇంగ్లండ్, వేల్స్ లో సొలిసిటర్లకు ఏటా 16 గంటల నిబంధన ఉండేది. 2016 నవంబరు నుంచి దాన్ని తీసేశారు. గంటలు లెక్కపెట్టడం మాని, తన పనిలో ఎక్కడ లోటుందో ఎవరికి వారు చూసుకుని, దాన్ని ఎలా సరిచేసుకున్నారో ఏటా చెప్పాలన్నారు.

నాకైతే రెండూ కావాలనిపిస్తుంది. పల్లె కోర్టులో రోజుకు నాలుగు వందలు కూడా దొరకని జూనియర్లుంటారు. వాళ్ళ మీద వేలకు వేలు ఫీజుల క్లాసులు రుద్దితే ఆ భారం తిరిగి మన మీదే పడుతుంది. తెలుగులో, జిల్లా కోర్టు ఆవరణలోనే, తక్కువ ఖర్చుతో పెడితే ఎవరు కాదంటారు?

2024 జూలై 1 తర్వాత

ఈ అవసరం ఇప్పుడు మరీ ఎక్కువైంది. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్, 1872 నాటి సాక్ష్యాల చట్టం, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, ఈ మూడూ పోయి 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు మూడు వచ్చాయి. 511 సెక్షన్ల పీనల్ కోడ్ స్థానంలో 358 సెక్షన్ల భారతీయ న్యాయ సంహిత వచ్చింది. చిన్నపిల్లలకు కూడా తెలిసిన "ఫోర్ ట్వంటీ" ఇప్పుడు 318లో ఉంది. అత్తింటి వేధింపుల 498ఏ ఇప్పుడు 85, 86 సెక్షన్లు. భార్యకు మనోవర్తి ఇప్పించే పాత 125 కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది.

నంబర్లే కాదు, పద్ధతులూ మారాయి. నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆన్ లైన్ లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టాలి. కేసు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు చెప్పాలి. పైగా 2024 జూలై 1కి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది. అంటే లాయరుగారికి పాతదీ కొత్తదీ రెండూ కంఠతా ఉండాలి. మామిడికాయ వచ్చినప్పుడల్లా కారం, ఉప్పు కొత్తగా కొలుచుకోకపోతే ఆవకాయ బూజు పడుతుంది. చదువూ అంతే.

మనం అడగాల్సినవి

వినయంగానే అడగండి. మంచి లాయరు నొచ్చుకోరు.

* మా విషయంలో వర్తించే చట్టం, సెక్షను ఏది? కాగితం మీద రాసివ్వండి.
* దీని మీద చివరిగా వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు ఏ సంవత్సరానిది?
* ఈ రెండు మూడేళ్ళలో ఏమైనా మారిందా?
* ఇలాంటి కేసులు మీరు చూశారా, లేక ఇంకెవరినైనా అడగమంటారా?
* దావా వేయడానికి గడువెంత? ఉదాహరణకు వినియోగదారుల కమిషన్ కు రెండేళ్ళలోపే వెళ్ళాలి.

సంతకం పెట్టబోయే ముందు రెండో లాయరుకు కూడా చూపించండి. పెద్ద జబ్బుకు ఇద్దరు డాక్టర్లను అడగమూ? ఫీజు ఇచ్చుకోలేమనుకోకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు.

మా ప్లీడరుగారు ఇప్పుడు ప్రతి ఆదివారం ఉదయం తన జూనియరమ్మాయిని కూర్చోబెట్టుకుని ఆ వారం తీర్పులు చదివించుకుంటున్నారు. కళ్ళు ఆ పిల్లవి, అనుభవం ఆయనది. మొన్న వదిన పాస్ పుస్తకం పని మీద వెళితే నన్ను చూసి, "రామ్మా, క్లాసు నడుస్తోంది. కాస్త కూర్చో" అన్నారు. కూర్చున్నాను. అద్దెకున్నవాళ్ళ హక్కుల మీద ఏదో తీర్పు. సగం అర్థమైంది, సగం కాలేదు. అర్థం కానిది ఆయన్నే అడిగాను.