హెచ్చరికలలో తారతమ్యము: క్లౌడ్ అనువర్తనముల లాగు స్థాయిలు

కమాన్‌పూర్, గోదావరిఖని ప్రాంతముల విద్యార్థులకు బొగ్గుగని క్రొత్త కాదు. భూగర్భమున గాలిలో మీథేన్ సుమారు 5 నుండి 15 శాతము వరకు ఉన్నప్పుడు నిప్పురవ్వ సోకినచో ప్రేలుడు సంభవించును. కాని అంతవరకు ఎవరును వేచియుండరు. 1.25 శాతము దాటగానే ఆ చోట విద్యుత్తును నిలిపివేయవలెనని నిబంధన కలదు. అట్లే భద్రాచలము వద్ద గోదావరి 43 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ అగును. ఒక్కొక్క అంకె ఒక్కొక్క కార్యమునకు సంకేతము. కంప్యూటరు రంగమున ‘లాగు స్థాయి’ అనబడునది ఇదియే.

దూరమున నున్న కంప్యూటర్లను అద్దెకు గైకొని వానిపై అనువర్తనములను నడుపు పద్ధతిని క్లౌడ్ అందురు. ఆ యంత్రము మన కంటికి కనబడదు. అది నడచుచు తన స్థితిని వ్రాసికొను దినచర్యయే లాగు. గనిలో ఒక షిఫ్టువారు వ్రాసిన నివేదిక తరువాతి షిఫ్టువారికి ఆధారమైనట్లు, యంత్రమునకు చేసిన ఈ వ్రాత దోషనిర్ణయమునకు ఆధారము.

1980ల దశకమున బర్క్‌లీలో ఎరిక్ ఆల్‌మన్ రూపొందించిన సిస్‌లాగ్ ఈ పద్ధతికి బాట వేసినది. దానిలో అత్యవసరము మొదలు డీబగ్ వరకు 0 నుండి 7 దాక ఎనిమిది మెట్లు కలవు. అంకె తగ్గినకొలది తీవ్రత హెచ్చును. మైక్రోసాఫ్ట్ వారి అజూర్ యాప్ సర్వీస్‌లో ఎర్రర్, వార్నింగ్, ఇన్ఫర్మేషన్, వెర్బోస్ అను నాలుగు స్థాయిలు ఉన్నవి. మనము ఎంచుకొన్న స్థాయియు, దానికంటె తీవ్రమైనవియు మాత్రమే నమోదగును.

ఉపకారవేతనపు దరఖాస్తులు స్వీకరించు అనువర్తనమును ఉదాహరణగా గైకొందము. ‘దరఖాస్తు అందినది’ అనునది ఇన్ఫర్మేషన్. ‘డేటాబేస్ ఆలస్యముగా బదులిచ్చినది, రెండవ ప్రయత్నమున పని జరిగినది’ అనునది వార్నింగ్. ‘ఒక విద్యార్థి దరఖాస్తు భద్రపరచబడలేదు’ అనునది ఎర్రర్. లోపలి ప్రతి అడుగును వ్రాయుట వెర్బోస్.

ఎర్రర్‌లను మాత్రమే వ్రాయించినచో పుస్తకము ప్రశాంతముగా నుండును. కాని గడువు చివరి దినమున అనువర్తనము కుప్పకూలినప్పుడు, అంతకు ముందు వారమంతయు కనబడిన ఆలస్యపు జాడలు దొరకవు. సర్వమును వ్రాయించినచో నిల్వకు వ్యయము పెరుగును, అసలు దోషము ఆ రాశిలో మరుగున పడును. కావున నిత్యము వార్నింగ్ లేక ఇన్ఫర్మేషన్ స్థాయిని ఉంచి, దోషము వెదకునప్పుడు మాత్రమే కొద్దికాలము వెర్బోస్‌ను తెరచుట ఉత్తమము. అజూర్‌లో ఫైలులోనికి వ్రాయించు తాత్కాలిక లాగు 12 గంటలకు తానే ఆగిపోవుట ఈ వివేకమునకు నిదర్శనము. పాస్‌వర్డు, ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా సంఖ్య ఏ స్థాయిలోను లాగునకు ఎక్కరాదు.

స్థాయిని నిర్ణయించునప్పుడు వ్రాయువాని కంగారు కొలత కారాదు. ఇది చదివినవాడు ఏమి చేయవలెను? ఇప్పుడే లేవవలెనా, రేపు చూడవచ్చునా, ఊరక తెలిసియుండిన చాలునా? ఈ ప్రశ్నకు వచ్చు జవాబే సరియైన స్థాయి. ప్రతి చిన్న విషయమునకు ఎర్రర్ అని కేక వేసినచో ‘నాన్నా! పులి’ కథయే పునరావృతమగును. నిజముగా పులి వచ్చిన నాడు ఎవరును రారు.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో కొందరు ఇట్టి అనువర్తనములను నిర్మింతురు. మీరు ఎంచిన ఒక్క మాట వెనుక, గడువు దాటిపోవుచున్న ఒక పేద విద్యార్థి దరఖాస్తు ఉండవచ్చునని మరువవలదు.